ఒట్టిలియా కోసిన వాలు

మా కొండ ఊరు హోఖ్‌రైన్‌లో రోడ్డు ఆఖరున ఉన్న ఇల్లు ఒట్టిలియా షెట్‌ది. ఆ ఇల్లు దాటితే లార్చ్ చెట్ల అడవి, అడవి పైన రాతి కొండ, అంతే. శీతాకాలంలో ఆ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపేది నేను. ఇరవై రెండేళ్ళుగా బండిని ఆమె వాకిట్లోనే వెనక్కి తిప్పుకుంటున్నాను. ఆమె నాకు బంధువేమీ కాదు. అయినా అత్తా అనే పిలుస్తాను.

ఆమె ఇంటి వెనక గడ్డి వాలు మూడు వందల మీటర్లు పైకి పోతుంది. పైన నిలబడి నీళ్ళ సీసా జారవిడిస్తే మళ్ళీ వాకిట్లోనే దొరుకుతుంది. యంత్రం అక్కడ నిలవదు. అందుకని ఏటా జూలై ఆఖరు నుంచి మూడు వారాలు, బూట్లకు ఇనుప పళ్ళు కట్టుకుని, పొడుగు పిడి కొడవలితో ఆ వాలంతా ఆమె ఒక్కతే కోస్తుంది. వెలుగు రాగానే మొదలుపెడుతుంది, ఎందుకంటే చెమ్మ ఉన్నంత సేపే గడ్డి కొడవలికి లొంగుతుంది. ఎండ ఎక్కాక ఆపి, వాకిట్లో రాయి మీద కూర్చుని, చిన్న ఇనుప దిమ్మె మీద కొడవలి అంచు ఆనించి సుత్తితో సాగగొడుతుంది. దెబ్బ దెబ్బకీ వెంట్రుకవాసి జరుపుతూ పిడి దగ్గర నుంచి కొన దాకా పోతుంది. తర్వాత అంచును బొటనవేలి గోటి మీద నొక్కి చూస్తుంది. గోరు కింద అంచు కాస్త ఉబ్బితే సరే, ఉబ్బకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఆమెకున్నవి తొమ్మిది ఆవులు. వాటికి కింది పొలంలో యంత్రంతో కోసిన గడ్డే సరిపోతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నేను బండి పనిలో కొత్తగా చేరిన ఏడాది అడిగాను.

"అత్తా, ఆ పైగడ్డి లేకపోయినా నీ ఆవులు బతుకుతాయి కదా. ఎందుకింత కష్టం?"

"గడ్డి కోసం కాదురా లోయిస్, మంచు కోసం."

"మంచు కోసం గడ్డి కోస్తారా ఎవరైనా?"

"జనవరిలో నీ బండి నా వాకిట్లో తిప్పుకుంటావా లేదా? అందుకోసం."

ఆమె ఎక్కువ చెప్పే మనిషి కాదు. మిగతాది నేను కొన్నేళ్ళ మీద ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాను.

ఆమెకు పదిహేడేళ్ళప్పుడు వాళ్ళ పాత గడ్డి కొట్టం ఇప్పటి ఇంటికి పడమటి వైపు ఉండేది. ఆ శీతాకాలం దాని పైన వాలు మీద మంచు అడ్డంగా చీలి, పెద్ద చేప నోరు తెరిచినట్టు గోధుమ రంగు నేల కనిపించింది. వాళ్ళ నాన్న చూసి సంతోషపడ్డాడు. మా కొండల్లో అప్పుడు అందరి నమ్మకమూ అదే: మంచు నోరు తెరిచిందంటే లోపలి బిగువు వదిలేసిందని, ఇక కదలదని. ఆయన మంచు మీద జారే చెక్కబండి లాక్కుంటూ గడ్డి తెచ్చుకోవడానికి వెళ్ళాడు. మంచు మొత్తం, పై పొర మాత్రమే కాదు, నేల దాకా ఉన్నదంతా ఒక్కసారి జారి కిందికి వచ్చింది. రెండు గంటల తర్వాత ఆయన్ని తవ్వి తీశారు. ప్రాణం ఉంది, తుంటి ఎముక విరిగింది. కొట్టం ఆనవాలు లేదు.

మంచు కరిగాక ఒట్టిలియా ఒక్కతే ఆ వాలెక్కి, చరియ ఊడ్చుకుపోయిన చోటు అంచు వెంట నడిచింది. ఒక పక్క నేల గీరుకుపోయి ఉంది. ఇంకో పక్క ఏమీ కాలేదు. రెండింటి మధ్యా అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. అది ఏ గీతో ఆమెకు కాసేపటికి తెలిసింది. అంతకు ముందు వేసవిలో తమ్ముడు పుట్టాడు. అమ్మ మంచం మీద ఉంది, నాన్న ఒక్కడే కోశాడు, ఆ గీత దగ్గరికి వచ్చేసరికి వానలు పడి మానేశాడు. కోసిన చోట గడ్డి కొయ్యకాళ్ళు పొట్టిగా, గరుకుగా, మేకుల్లా నిలబడి మంచును పట్టుకున్నాయి. కోయని చోట పొడుగు గడ్డి మొదటి మంచు బరువుకే తల కిందికి పడి, దువ్విన జుట్టులా వాలు పొడుగునా పరుచుకుంది. దాని మీద మంచు నిలవలేదు.

ఆమెకు ఎవరూ చెప్పలేదు. పుస్తకం చూడలేదు. తర్వాతి వేసవి నుంచి కొడవలి పట్టింది. నాన్న పోయాక ఆస్తి ఆమెకే వచ్చింది. తమ్ముడు రైల్వేలో చేరాడు. పెళ్ళి సంబంధాలు వచ్చాయి గానీ, "ఆ వాలు కోసేవాడెవడైనా ఉంటే చెప్పండి" అనేదట. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వేది కాదట.

ఆమె పక్కిల్లు కోన్రాడ్‌ది. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టి, బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నారు. అతని ఇల్లు ఆమె ఇంటికి తూర్పున నూటయాభై అడుగుల దూరంలో ఉంటుంది. అతని వెనకా అలాంటి వాలే. రెండు వాలుల మధ్యా కింది నుంచి పైదాకా హద్దు రాళ్ళ వరస. ఊరి నుంచి వచ్చే రోడ్డు ముందు కోన్రాడ్ వాలు కింద నుంచే పోయి, అతని ఇల్లు దాటి, ఒట్టిలియా వాకిట్లో ఆగుతుంది.

నేను చెప్పబోయే శీతాకాలానికి ముందు మూడు వేసవుల నుంచి కోన్రాడ్ వాలు కోయడం మానేశాడు. మోకాళ్ళు నొప్పులన్నాడు. అది నిజమే. కానీ ఒట్టిలియా ఊరుకోలేదు. కంచె దగ్గర ఆమె అతన్ని పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

"ఒరేయ్ కోన్రాడ్, పైన నీ గడ్డి నడుం దాకా వచ్చింది. దూడ పోతే కనపడదు."

"నీ దూడ పోలేదుగా? నీకెందుకే?"

"మోకాళ్ళు నొప్పులైతే ఎవర్నైనా పిలువు. నా కొడవలి ఇస్తాను."

"నీ కొడవలి నువ్వే ఉంచుకో, పడుకునేటప్పుడు పక్కన పెట్టుకో. ఈ రోజుల్లో ఎవరూ కోయటం లేదు ఒట్టీ. లోయంతా మానేసింది. కొండకు ఏమైనా అయిందా?"

"కొండకేమీ కాదురా. ఏమన్నా అయితే నీ కొట్టానికే."

ఆ రోజు నుంచి ఇద్దరూ చర్చిలో కూడా వేరే వరసల్లో కూర్చున్నారు. కోన్రాడ్ భార్య ఫిలోమెనా మాత్రం రొట్టె చేసిన రోజు ఒకటి తెచ్చి ఒట్టిలియా గుమ్మంలో పెట్టి పోయేది. మొగుడికి చెప్పేది కాదు. మొగుడికి తెలియకపోలేదు.

ఆ ఏడు నవంబరు మొదటి వారంలోనే మీటరు మంచు పడింది. నేల ఇంకా గడ్డకట్టలేదు, వేసవి వెచ్చదనం అందులోనే ఉంది. నేల గడ్డకట్టాక పడిన మంచు దానికి అతుక్కుంటుంది. వెచ్చని నేల మీద పడితే అడుగున కరిగి సబ్బు నీళ్ళలా తయారవుతుంది. క్రిస్మస్‌కు ఇంకో మీటరు పడింది. జనవరి ఎనిమిదో తారీకు ఉదయం నేను బండి తీసుకుని పోయేసరికి కోన్రాడ్ వాలు నడిమి భాగంలో నోరు తెరుచుకుని ఉంది. అరవై అడుగుల వెడల్పు, మనిషి దూరేంత లోతు.

నేను వెంటనే రైముండ్‌కు ఫోన్ చేశాను. మా లోయకు మంచుచరియల కమిటీ పెద్ద అతనే. అటవీ శాఖలో పని. ముప్ఫై ఒక్కేళ్ళు, బాగా చదువుకున్నాడు, తెలియనిదాన్ని తెలియదని చెప్పే మనిషి. కమిటీలో నేనూ ఉన్నాను, బండి నడిపేవాడు ఒకడుండాలి గనక. గంటలో వచ్చాడు. ఇద్దరం ఒట్టిలియా ఇంటికి పోయాం, ఎందుకంటే ఆ వాలు బాగా కనపడేది ఆమె వంటింటి కిటికీ నుంచే.

"మీరు ఒట్టిలియా గారేనా?" అన్నాడు రైముండ్ గుమ్మంలో.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఎవర్నిరా అడుగుతున్నాడు లోయిస్? నా వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"లోయ కింది నుంచి వచ్చాడత్తా, అక్కడ మర్యాదలు ఎక్కువ."

"ఇక్కడ అందరూ నువ్వే బాబూ. చర్చి ఫాదర్ కూడా నువ్వే. బూట్లు దులుపుకుని లోపలికి రా."

కిటికీ దిమ్మె చెక్కలో ఒక గాడి ఉంది. ఆమె ఆ గాడిలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. ఎప్పుడు చూసినా కన్ను ఒక్క చోటే ఉండాలని చెక్కిన గాడి అది. అద్దం మీద సబ్బు ముక్కతో గీసిన గీతలు మూడున్నాయి. నోటి కింది పెదవి నిన్న ఉదయం ఎక్కడుందో, నిన్న సాయంత్రం ఎక్కడుందో, ఇవాళ ఎక్కడుందో తెలిపే గీతలు.

"నిన్న పొద్దున పుట్టింది. రాత్రికి రాత్రి వేలెడు జరిగింది" అంది.

రైముండ్ కూడా గాడిలో గడ్డం పెట్టి చూశాడు. అప్పుడే కోన్రాడ్ తలుపు తోసుకుని వచ్చాడు. నా బండి చూసి వచ్చినట్టున్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టి మూడేళ్ళయింది.

"ఏంటి, నా వాలు మీద మీటింగా? నన్ను పిలవకుండానే?"

"నీ ఇల్లు ఖాళీ చేయాలి కోన్రాడ్" అన్నాడు రైముండ్. "నువ్వు, ఫిలోమెనా, పశువులు. ఇవాళే."

"ఎందుకు? నోరు తెరిచిందిగా. ఊపిరి తీసుకుంది. ఇక ఈస్టర్ దాకా అక్కడే పడుంటుంది."

"మా నాన్న కూడా ఇదే అన్నాడు" అంది ఒట్టిలియా. "అన్నాక ఇరవై ఆరేళ్ళు చంకలో కర్రతో నడిచాడు."

 ఆయన్ని మంచులోంచి తవ్వి తీసిన వాళ్ళలో కోన్రాడ్ నాన్న ఒకడు.

"మందు పెట్టి పేల్చి దింపేద్దామా?" అని నేనడిగాను.

"నేల దాకా జారే మంచు మందుకు లొంగదు" అన్నాడు రైముండ్. "నాలుగు సార్లు పేల్చినా కదలదు, ఐదో రోజు ఎవరూ ముట్టుకోకుండా వస్తుంది. పశువుల లారీ పిలుస్తాను. కోన్రాడ్ పద్నాలుగు, ఒట్టిలియా తొమ్మిది, అన్నిటినీ ఎక్కించి ఊళ్ళోకి దింపేద్దాం."

"ఏ రోడ్డు మీద?" అంది ఒట్టిలియా.

రైముండ్ ఆగాడు. రోడ్డు ఒక్కటే. అది ఆ నోటి కిందనే రెండు వందల మీటర్లు పోతుంది.

"మీరిద్దరూ బండిలో నిమిషంలో దాటొచ్చారు, సరే" అంది ఆమె. "లారీ వచ్చి, తిరిగి, తలుపు దించి, పద్నాలుగు ఆవుల్ని మంచులో ఎక్కించేసరికి ఎంత సేపు? కోన్రాడ్ గుమ్మం కూడా దాని దారిలోనే ఉంది. అంత సేపు అందర్నీ దాని నోటి కింద వరసగా నిలబెడతావా?"

"మరేం చేద్దాం?"

"అడ్డంగా దాటించు. నూటయాభై అడుగులు. నా కొట్టంలోకి. అది వచ్చేది కోన్రాడ్ వైపే, నా వైపు రాదు. నాది కోసిన వాలు."

"అంత నమ్మకమా?"

"ఎక్కడికి వస్తుందో చెప్పగలను. ఎప్పుడొస్తుందో చెప్పలేను. ఎప్పుడొస్తుందో చెప్తానని ఎవడైనా వస్తే వాడికి సూప్ కూడా పోయకు."

రైముండ్ మాటలతో కాలం గడపలేదు. పార తీసుకున్నాడు. "చూపించు" అన్నాడు.

ఇంటి వెనక, ఆమె వాలు మీద యాభై అడుగులు ఎక్కి ముగ్గురం తవ్వాం. రెండు మీటర్ల మంచు. రైముండ్ గోడను నున్నగా చెక్కి, పై నుంచి కిందికి ఒక్కొక్క పొరనూ నొక్కుతూ వచ్చాడు: పిడికిలి దూరితే మెత్తన, నాలుగు వేళ్ళే దూరితే కాస్త గట్టి, ఒక వేలే దూరితే ఇంకా గట్టి. నేల దగ్గరికి వచ్చేసరికి వేలు కూడా దూరలేదు. అక్కడ మంచు తడిసి, కొయ్యకాళ్ళ చుట్టూ మళ్ళీ గడ్డకట్టి ఉంది. అతను ఒక మంచు గడ్డను రెండు చేతులా పట్టి లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగితే ఊడింది. దాని అడుగున దువ్వెన పళ్ళలా గడ్డి మొదళ్ళు వేళ్ళతో సహా వచ్చాయి.

"అటు వైపు ఎలా ఉంటుంది?" అన్నాడు.

"పదిహేను రోజుల కింద, నోరు పుట్టక ముందు, అక్కడా తవ్వి చూశాను. చెయ్యి నేల మీద పెడితే మోచేతి దాకా జారింది. ఇప్పుడు నువ్వు పోయి చూడొద్దు. నా మాట నమ్ము."

"నమ్మాల్సిన పని లేదు" అన్నాడు రైముండ్ ఆ గడ్డను పట్టుకునే. "కనపడుతోంది."

ఇక మిగిలింది కోన్రాడ్. మేం తవ్వుతుండగానే అతను తన ఇంటికి వెళ్ళిపోయాడు.

"నా ఆవులు ఆ ఒట్టిలియా కొట్టంలో నిలబడవు" అన్నాడతను తన గుమ్మంలో చేతులు కట్టుకుని. ఎవరు చెప్పినా అదే మాట. ఆవుల మాట కాదది. ఆ కొట్టంలోకి పశువుల్ని తోలడమంటే మూడు వేసవుల నుంచి తను చేసింది తప్పని ఊరంతటికీ చెప్పుకోవడమే. నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఒట్టిలియా కంచె అవతల నుంచే అంది: "అవి నిలబడతాయిరా. నిలబడలేనిది నువ్వు."

"చూశావా, చూశావా! ఈ మాట అనడానికే మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది!"

ఫిలోమెనా లోపలి నుంచి వచ్చింది. ఒక చేతిలో పులిసిన పిండి గిన్నె, ఇంకో చేతిలో ముందుండే ఆవు పలుపు. "నువ్వు వాదించుకుంటూ ఉండు. నేనూ బ్లూమా పోతున్నాం" అంది మొగుడితో. ఆ ఆవు పేరు బ్లూమా. అది గంట మోగించుకుంటూ ఆమె వెంట నడిచింది. ముందరి ఆవు కదిలాక మిగతావి కొట్టంలో ఆగవు, అరుపులు మొదలుపెట్టాయి. కోన్రాడ్ ఒక్క బూతు మాట అని రెండో ఆవు ముడి విప్పాడు.

ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా దాటించాం. ఒక ఆవు అవతలికి చేరాకే ఇంకోటి కదలాలని రైముండ్ షరతు. అతను హద్దు రాయి దగ్గర నిలబడి, కళ్ళు వాలు మీద నుంచి తీయకుండా, చెయ్యి ఊపితేనే మేం కదిలాం. మధ్యాహ్నానికి ఇరవై మూడు ఆవులు ఒక్క కొట్టంలో పక్క పక్కన ఇరుక్కుని నిలబడి ఉన్నాయి. ఆ వేడికి కిటికీలన్నీ ఆవిరి పట్టాయి. రైముండ్ లార్చ్ అడవి దారిన స్కీల మీద కిందికి వెళ్ళి రోడ్డు మూయించాడు. నా బండి పైనే ఉండిపోయింది. బండితో పాటు నేనూ ఉండిపోయాను.

"దాన్ని ఎక్కడ పెట్టనత్తా?"

"హద్దు రాయికి ఇవతల ఎక్కడైనా పెట్టు. దారికి అడ్డంగా పెడితే మరీ మంచిది. కోన్రాడ్‌కు తన ఇల్లు గుర్తొచ్చినప్పుడు దాన్ని ఎక్కి దిగాలి."

రాయికి రెండడుగులు ఇవతల, దారికి అడ్డంగా పెట్టాను.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ కాలేదు. ఫిలోమెనా బంగాళాదుంపలు కూరి, నూనెలో వేయించి క్రాప్‌ఫెన్లు చేసింది. కోన్రాడ్ పాలు పితికాడు, ఆమె కొట్టంలో కాలువ వాలు సరిగ్గా లేదన్నాడు, తొట్లు మరీ ఎత్తన్నాడు, దీపం గుడ్డిదన్నాడు. ఒట్టిలియా అన్నిటికీ "అవును" అంది. అతనికి ఇంకా కోపం వచ్చింది.

మూడో రోజు తెల్లవారేసరికి ఆకాశం తేటగా ఉంది, చలి మైనస్ పద్నాలుగు. మామూలు మనిషికి అది ధైర్యం చెప్పే వాతావరణం. కోన్రాడ్ బూట్లు తొడుక్కున్నాడు.

"ఈ చలికి రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. నా గడ్డి నేను తెచ్చుకుంటాను. ఎన్నాళ్ళని నీ గడ్డి తింటాయి నా ఆవులు?"

"నా గడ్డి తింటే వాటికి అరగదా?"

"నాకు అరగదు!"

"చలి పైన ఉందిరా" అంది ఒట్టిలియా కిటికీ దగ్గర నుంచే. "రెండు మీటర్ల కింద నీ గడ్డికి ఇంకా నవంబరే. ఇటు రా. ఇందులో గడ్డం పెట్టు."

అతను రాలేదు. ఫిలోమెనా వెళ్ళి గాడిలో గడ్డం పెట్టి చూసింది. మొదటి రెండు రోజులూ గీతలు వేలెడు వేలెడు దూరంలో ఉన్నాయి. నిన్న సాయంత్రం గీతకూ ఇప్పటి పెదవికీ మధ్య జానెడు ఎడం ఉంది.

"కోన్రాడ్" అంది ఫిలోమెనా గొంతు పెంచకుండా. "బూట్లు విప్పు."

అతను భార్య ముఖం చూశాడు. బల్ల మీద కూర్చుని, ఒక బూటు విప్పి, ఇంకోటి విప్పకుండా అలాగే ఉండిపోయాడు.

నేను అప్పుడు బండిలో ఉన్నాను. ఇంజను కాసేపు నడిపి వేడెక్కిద్దామని వెళ్ళి, సీట్లో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నాను. పదకొండు దాటాక ఒట్టిలియా గుమ్మంలోకి వచ్చి సూప్ చల్లారిపోతోందని కేకేసింది. దిగి వెళ్ళాను. నేను చెంచా రెండోసారి ముంచేలోపు అది వచ్చింది.

ఉరుములా ఏమీ లేదు. దుప్పటి పొడుగునా చింపుతున్నట్టు ఒక చప్పుడు, ఆగకుండా. తర్వాత గాజులు గలగలమన్నాయి. కొట్టంలో ఇరవై మూడు ఆవులు ఒక్కసారి లేచి నిలబడ్డాయి. కిటికీలోంచి చూస్తే కోన్రాడ్ వాలు వాలంతా పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగి, ఒకదాని మీద ఒకటి దొర్లుతూ కిందికి నడిచి వస్తోంది. అతని కొట్టం దాని ముందు అట్టపెట్టెలా ముడుచుకుపోయింది. రోడ్డు మాయమైంది. ఆగింది. అంతా కలిపి నలభై సెకన్లు ఉంటుందేమో.

పైన వాలు గోధుమ రంగులో తడిగా మెరుస్తోంది. ఇవతల ఒట్టిలియా వాలు మీద మంచు తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. రెండింటి మధ్య అంచు గోడలా నిలబడి ఉంది.

కోన్రాడ్ ఒక కాలికే బూటుతో బయటికి పరిగెత్తాడు. ఇల్లు నిలబడే ఉంది, వెనక గోడ లోపలికి నెట్టుకుపోయింది. కొట్టం లేదు. తను గడ్డి తీయబోయిన చోట మూడు మీటర్ల మంచు దిమ్మెలు. అతను అటు చాలా సేపు చూశాడు. తర్వాత ఒట్టిలియా కొట్టం తలుపు తెరిచి, లోపలికి పోయి, తన ఆవుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టడం వినిపించింది. పద్నాలుగు దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను మాత్రం బండి కోసం చూస్తున్నాను. అది కనపడలేదు. కాసేపటికి దిమ్మెల మధ్య నారింజ రంగు ముక్క ఒకటి కనపడింది. బండి పక్కకి పడిపోయి ఉంది. నేను కూర్చున్న వైపే కింద ఉంది. ఆ వైపు అద్దం లోపలికి విరిగి, సీటు నిండా మంచు బిగిసిపోయి ఉంది.

ఒట్టిలియా నా పక్కకు వచ్చి నిలబడింది. బండిని చూసింది. నన్ను చూసింది. ఆమె ముఖం అంత తెల్లబడడం నేను అంతకు ముందు చూడలేదు. హద్దు రాయి దాకా నడిచి, అక్కడి నుంచి చరియ అంచు దాకా ఇటు వైపు అడుగులు వేసింది. నాలుగు అడుగులు.

అడవి దారిన రైముండ్ వచ్చేసరికి ఒంటి గంట. అతను ముందు మనుషుల్ని లెక్కపెట్టాడు, తర్వాత కూర్చుని నీళ్ళు తాగాడు. "నువ్వు చెప్పినట్టే వచ్చింది" అన్నాడు ఒట్టిలియాతో. "నేను చెప్పినట్టు లారీ తెప్పించి ఉంటే..." ఆ మాట పూర్తి చేయలేదు.

"నేను చెప్పినట్టు రాలేదు" అందామె. "హద్దు రాళ్ళ దగ్గర ఆగుతుందన్నాను. నాలుగడుగులు ఇవతలికి వచ్చింది. లోయిస్ అందులో కూర్చుని కాఫీ తాగుతున్నాడు."

"నాలుగడుగులేగా. అంత కచ్చితంగా ఎవరు చెప్పగలరు?"

"నేను చెప్పగలను. ఆ నాలుగడుగులూ నేను కోయలేదు."

కోన్రాడ్ కొట్టం గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"నీ గడ్డి పొడుగై హద్దు మీదుగా నా వైపు వాలిపోయింది. నాది కోయాలంటే నీది కూడా కోయాలి. కోన్రాడ్ గడ్డి ఒక్క పిడికెడు కూడా కోయను అనుకున్నాను. మూడేళ్ళు కోయలేదు. మర్చిపోయానని అనను. గుర్తుంది. నాలుగడుగులే కదా, అది పట్టుకుని ఉంటుందిలే అనుకున్నాను."

 కొట్టంలో ఏదో ఆవు గొలుసు లాగింది.

"నువ్వు నాలుగడుగులు" అన్నాడు కోన్రాడ్ చివరికి. "నేను మొత్తం."

"నీది నువ్వు చూసుకో. నాది నాలుగు."

రైముండ్ సంచిలోంచి మ్యాపు తీశాడు. ఇలాంటిది జరిగినప్పుడు చరియ ఎక్కడి దాకా వచ్చిందో, ఇక ముందు ఎక్కడ పశువును కట్టకూడదో, ఎక్కడ బండి నిలపకూడదో ఎర్ర పెన్సిల్‌తో గీయాలి. బల్ల మీద పరిచి హద్దు రాళ్ళ వెంట గీత మొదలుపెట్టాడు.

"అక్కడ కాదు" అంది ఒట్టిలియా. "ఇవతలికి జరుపు."

"ఒట్టిలియా, ఇవతలికి జరిపితే, జాగ్రత్తకు వదిలే ఎడంతో కలిపి నీ కొట్టం తూర్పు మూల గీతలోకి వస్తుంది. నాలుగు ఆవుల్ని కట్టే చోటు ఖాళీ చేయాలి. కమిటీ కాగితం అది, ఊరికే పోదు. వచ్చే వేసవిలో ఆ నాలుగడుగులూ కోసేస్తావు కదా, అప్పుడు హద్దు దాకా క్షేమమే కదా?"

"కోశాక వచ్చి చెరుపు. ఇప్పుడు అది కోయని గడ్డి."

అతను రబ్బరుతో చెరిపి, గీతను ఇవతల వేశాడు. ఆమె వంగి, వేలితో కొలిచి చూసి, తల ఊపింది. కోన్రాడ్ అప్పటికే కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి తూర్పు మూలనున్న ఆవుల్ని, ఆమెవి రెండు, తనవి రెండు, విప్పి పడమటి వైపు ఇరికిస్తున్నాడు. చోటు చాలక బ్లూమా పక్కనున్న ఎర్రావును భుజంతో నెడుతోంది.

"తొట్లు ఎత్తని చెప్పానా లేదా" అన్నాడు కోన్రాడ్ బ్లూమా మెడ పట్టుకుని.

"చెప్పావు" అంది ఒట్టిలియా, అవతలి వైపు నుంచి నెడుతూ. "గట్టిగా పట్టుకో."